మాటలు ఎవరి నోట చెడిపోయాయి?

భాషాశాస్త్రం పాఠ్యాంశంగా చదివిన ప్రతి తెలుగు విద్యార్థీ అర్థవిపరిణామం అనే అధ్యాయం చదివే ఉంటాడు. అర్థసంకోచం, అర్థవ్యాకోచం, అర్థసౌమ్యత, అర్థగ్రామ్యత - ఇలా కొన్ని పేర్లు, ఒక్కొక్క పేరు కింద రెండు మూడు ఉదాహరణలు. పరిమళం అనే అర్థమున్న 'కంపు' దుర్వాసన అయింది కనుక అది గ్రామ్యత. జూదం ఆడించే 'సభికుడు' సభలో కూర్చునే పెద్దమనిషి అయ్యాడు కనుక అది సౌమ్యత. ఇవి రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. మాట ఎందుకు చెడింది, ఎవరి నోట చెడింది, అది చెడడం వల్ల ఎవరికి ఒరిగింది అనే ప్రశ్నలు మాత్రం ఆ అధ్యాయంలో ఉండవు. చెట్టున కాయల్లాగా మాటలు వాటంతట అవే మాగి, వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయన్నట్టుగా ఉంటుంది ఆ వివరణ.

పాత ఇంగ్లీషు మాటల గురించి మన పత్రికల్లో అప్పుడప్పుడూ వచ్చే రచనలదీ ఇదే ధోరణి. 'నైస్' అంటే ఒకప్పుడు మూఢుడట, 'సిల్లీ' అంటే ధన్యుడట అని రెండు వింతలు చెప్పి ముగిస్తారు. వింతలే, కాదనం. కాని ఆ వింతల మధ్య ఒక పెద్ద గుంపు మాటలు ఒకే దిక్కుకు నడిచి వెళ్ళాయి. పొలంలో పనిచేసినవాడి పేరు తిట్టయింది. ఆ పొలం మీద పెత్తనం చేసినవాడి పేరు సద్గుణమయింది. పాత ఇంగ్లీషు సాహిత్యం చదివేవారికీ, ముఖ్యంగా దాన్ని తెలుగు చేసేవారికీ ఈ సంగతి తెలియకపోతే రచనలో ప్రాణమున్న చోటే వారి చేతికి అందదు. తెలుగు అధ్యాపకులకు దీనితో ఇంకొక పని కూడా ఉంది. అది చివర చెబుతాను.

అన్నిటికన్నా తేటగా కనిపించేది 'విలన్' మాట. లాటిన్‌లో 'విల్లా' అంటే పల్లెపట్టున ఉన్న కమతం. ఆ కమతానికి చెందినవాడు 'విల్లానుస్'. నార్మన్ ఫ్రెంచి మీదుగా అది ఇంగ్లండు చేరింది. 1086లో విలియం రాజు తయారు చేయించిన భూముల లెక్క - డూమ్స్‌డే బుక్ అంటారు - అందులో నమోదైన జనంలో సుమారు 40 శాతం మంది ఈ పేరు కిందే ఉన్నారు. అంటే ఆ దేశానికి అన్నం పెట్టినవారిలో అతిపెద్ద వర్గం పేరు అది. తరువాతి నూరు, నూటయాభై ఏళ్ళలో న్యాయస్థానాలు వారిని స్వేచ్ఛ లేని మనుషులుగా తేల్చివేశాయి. వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో ఊరికే పనిచేయాలి. కూతురికి పెళ్ళి చేస్తే దొరకు రుసుము కట్టాలి. ఇంటి యజమాని చనిపోతే కొట్టంలో ఉన్న వాటిలో మేలైన పశువును దొర తోలుకుపోతాడు. దొర మరలోనే ధాన్యం ఆడించుకోవాలి. ఊరు విడిచిపోవడానికి వీల్లేదు. తెలంగాణ వెట్టి ఎరిగినవారికి ఈ జాబితాలో కొత్తగా అనిపించేది పెద్దగా ఉండదు.

1381 జూన్‌లో వీరు తిరగబడ్డారు. వాట్ టైలర్ నాయకత్వంలో లండన్ చేరి, వెట్టి బంధం రద్దు కావాలని రాజును అడిగారు. పదునాలుగేళ్ళ రెండవ రిచర్డ్ రద్దు చేస్తున్నట్టు పత్రాలు రాయించి ఇచ్చాడు. టైలర్‌ను చంపిన తరువాత ఆ పత్రాలు చెల్లవన్నాడు. వారితో నిలిచిన పేద మతబోధకుడు జాన్ బాల్‌ను ఉరితీశారు. ఆయన పేరిట నిలిచిన ద్విపద ఒకటుంది. అది 'జెంటిల్‌మన్' అనే మాటనే బోనులో నిలబెట్టి ప్రశ్నిస్తుంది. ఎక్కడ దెబ్బ కొట్టాలో ఆ బోధకుడికి తెలుసు.

సరిగ్గా ఈ 14వ శతాబ్దంలోనే 'విలన్' మాటకు నీచబుద్ధి గలవాడు అనే అర్థం స్థిరపడుతూ వచ్చింది. 16వ శతాబ్దం వచ్చేసరికి వెట్టి వ్యవస్థ ఇంగ్లండులో దాదాపు అంతరించింది. తిట్టు మాత్రం నవనవలాడుతూ మిగిలింది. చరిత్రకారులు ఇప్పుడు వెట్టివాడి పేరును 'ఈఐ'తోను, దుర్మార్గుడి పేరును 'ఏఐ'తోను రాసి రెంటినీ విడదీస్తారు. అచ్చులో సౌకర్యమే గాని, ఆ ఒక్క అక్షరం అడ్డుపెట్టి ఇవి రెండు వేర్వేరు మాటలని విద్యార్థి అనుకునే ప్రమాదం తెచ్చిపెట్టారు.

ఒక సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1939 నాటి 'రైతుబిడ్డ' మొదలు 1979 నాటి 'మాభూమి' దాకా మన సినిమాల్లో ఒక పాయ జమీందారునూ, దేశ్‌ముఖునూ దుష్టపాత్రగా చూపించింది. ఆ పాత్రను మన ప్రేక్షకుడు చులాగ్గా 'విలన్' అన్నాడు. దొర తన వెట్టివాడికి పెట్టిన పేరు ఆరు శతాబ్దాలు తిరిగి తిరిగి, సముద్రాలు దాటి వచ్చి, చివరికి దొర మెడకే పడింది. ఆ మాట చరిత్రలో ఇంతకన్నా న్యాయమైన మలుపు నాకు కనిపించలేదు. అది ఇంగ్లండులో జరగలేదు.

మాట రెండర్థాల మధ్య ఊగిసలాడుతున్న కాలంలో రాసినవాడు షేక్‌స్పియర్. 'యాజ్ యూ లైక్ ఇట్' మొదటి రంగంలోనే అన్న ఆలివర్ తమ్ముడు ఆర్లాండోను ఆ మాటతో తిడతాడు. తమ్ముడు ఏమంటాడు? నేను దుర్మార్గుణ్ణి కానని అనడు. తాను ఫలానా ప్రభువు కడపటి కొడుకునని, తన తండ్రికి విలన్లు పుట్టారన్నవాడే అంతకు మూడింతల విలన్ అని జవాబిస్తాడు. అన్న తిట్టింది గుణాన్ని. తమ్ముడు పట్టుకున్నది పుట్టుకను. అన్న తనను పాలేరులాగా పెంచాడన్నదే అతని గోడు కూడా. తెలుగులో ఆ చోట 'దుర్మార్గుడా' అని వేస్తే తమ్ముడి జవాబు అతకదు. నిఘంటువు చూసి వేసిన మాటే, తప్పు పట్టడానికి లేదు, కాని సంభాషణ తెగిపోతుంది.

'కింగ్ లియర్' మూడో అంకంలోని ఘట్టం దీనికంటే ఎంతో బరువైనది. కార్న్‌వాల్ ప్రభువు వృద్ధుడైన గ్లాస్టర్ కన్ను పెరికివేస్తాడు. రెండో కన్ను కూడా తీయబోతుండగా అతని సొంత సేవకుడొకడు అడ్డం వస్తాడు. చిన్ననాటి నుంచీ మీ కొలువులో ఉన్నాను, ఇప్పుడు మీ చేయి ఆపమనడం కన్నా మేలైన సేవ ఇంతవరకూ చేయలేదంటాడు. అతనికి నాటకంలో పేరు లేదు. మొదటి సేవకుడు, అంతే. అప్పుడు ప్రభువు నోట వెలువడే మాట విలన్. దాని ముందు 'నా' అనే సర్వనామం ఉంది. దుర్మార్గుణ్ణి ఎవరూ 'నా దుర్మార్గుడు' అని సొంతం చేసుకోరు. ఆ 'నా' వల్లనే మాట పాత అర్థంలోకి తిరుగుతుంది. నా వెట్టివాడు, నా సొత్తు, నా మీద కత్తి ఎత్తడమా అని. నా మీద కత్తి ఎత్తాడు కనుక నీచుడు అని కూడా. రెండర్థాలూ ఒక్క శ్వాసలో ఉన్నాయి. పక్కనున్న రీగన్ కూడా ఒక నాగలివాడు ఇలా ఎదురు నిలవడమా అనే ఆశ్చర్యపోతుంది. వెనుక నుంచి వచ్చి అతణ్ణి పొడుస్తుంది. అయితే అతను కొట్టిన దెబ్బకే ఆ ప్రభువు కూడా చనిపోతాడు.

ఈ ఒక్క మాటను తెలుగు చేయడం ఎలా? 'నీచుడా' అంటే వర్గం పోయింది. 'నా బానిసవై ఉండి' అంటే తిట్టు పోయింది. 'నా పాలేరు వెధవ' అంటే రెండూ వస్తాయి. కాని 'వెధవ' మరొక అన్యాయాన్ని లోపలికి తెస్తుంది. అది 'విధవ' నుంచి వచ్చిన తిట్టు. భర్త పోయిన ఆడదాని పేరును మగవాణ్ణి కించపరచడానికి వాడుకున్న సమాజం మనది. రాచమల్లు రామచంద్రారెడ్డిగారి 'అనువాద సమస్యలు' చదివినవారికి ఇటువంటి చిక్కుముడుల రుచి తెలుసు. నా మట్టుకు నేను 'నా పాలేరు వెధవ' వైపే మొగ్గుతాను. ఒక భూస్వామి నోటికి ఆ మాట సహజంగా వస్తుంది, ఆ నోటి కంపును అనువాదంలో దాచనక్కరలేదు.

విలన్ ఒంటరివాడు కాదు. ఆంగ్లో-సాక్సన్ కాలంలో 'చెయొర్ల్' అంటే ప్రభువూ బానిసా కాని సామాన్య రైతు. అతని వారసుడే నేటి 'చర్ల్', మర్యాద తెలియని మొరటువాడు. 'బూర్' అంటే వ్యవసాయదారుడు, ఇప్పుడు మోటువాడు. 'ల్యూడ్' అంటే మతాధికారి కానివాడు, తరువాత చదువు రానివాడు, తరువాత అలగావాడు, చివరికి కాముకుడు. నాలుగు మెట్లు దిగడంలో ప్రతి మెట్టు మీదా చదువుకున్నవాడి చేయి కనిపిస్తూనే ఉంటుంది. 'మీన్' అంటే సర్వసాధారణం అనే అర్థం నుంచి నీచం, పిసినారితనం దాకా వచ్చింది. 'క్లౌన్' అంటే పల్లెటూరి బైతు. 'హామ్లెట్'లో గోతులు తవ్వేవారిని మూలప్రతి క్లౌన్లు అంటుంది. సర్కస్ బఫూన్‌ను మనసులో పెట్టుకుని చదివే విద్యార్థి ఆ ఘట్టంలో కోతిచేష్టల కోసం వెతుకుతాడు. అక్కడున్నది పని చేసుకుంటూ, పాట పాడుకుంటూ, రాజకుమారుణ్ణి మాటల్లో చిత్తు చేసే శ్రమజీవి.

ఇక ఎగువకు పోయిన మాటలు చూడండి. 'జెంటిల్' అంటే మంచి వంశంలో పుట్టినవాడు. 'జెనరస్' కూడా అంతే, లాటిన్‌లో ఉన్నతకులజుడు. దానగుణం తరువాత అతికింది. 'నోబుల్' సంగతి చెప్పనే అక్కరలేదు. అన్నిటిలోకీ నాకు ఎక్కువ పాఠం చెప్పినవి 'నేవ్', 'నైట్' అనే జంట. రెంటికీ మొదట కుర్రవాడు అనే అర్థం. కుర్రవాడు కనుక పనివాడు. ఒకడికి గుర్రమూ కవచమూ దొరికాయి, వాడు వీరయోధుడయ్యాడు. ఇంకొకడు పనివాడుగానే ఉండిపోయాడు, వాడు మోసగాడయ్యాడు. అక్షరాల్లో ఏ దోషమూ లేదు. గుర్రం ఎవరికి దొరికిందన్నదే తేడా.

ఆస్తి లేక, కొలువు లేక తిరిగే మనుషులను 'రోగ్', 'వాగబాండ్' అని ఇంగ్లండు చట్టాలే పిలిచాయి. 1572 చట్టం ప్రకారం ప్రభువుల ప్రాపు లేని నటులు కూడా ఆ లెక్కలోకే వచ్చారు. అందుకే షేక్‌స్పియర్ బృందం లార్డ్ ఛాంబర్లేన్ సేవకులమని చెప్పుకోవలసి వచ్చింది. లియర్ నాటకంలో ఆ సేవకుడి నోట మాట పెట్టినవాడు చట్టం దృష్టిలో తానూ ఒక ప్రభువు కొలువువాడే. ఆస్తీ స్థిరనివాసమూ లేనివాణ్ణి పుట్టుకతోనే నేరస్థుడుగా చూసే ఆ చూపు మన దేశంలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టంగా అవతరించింది. ఆ ముద్ర 1952 దాకా ఎందరి నొసట ఉందో సాహిత్య విద్యార్థులకు చెప్పనక్కరలేదు.

ఇంకొంచెం లోతుకు పోదాం. 'లార్డ్' అనే మాట పాత రూపం 'హ్లాఫ్‌వెయర్డ్'. రొట్టెకు కావలివాడు అని అర్థం. 'లేడీ' పాత రూపం 'హ్లాఫ్‌డిగె', రొట్టెపిండి పిసికేది. ఈ రెండూ అందరూ చెప్పేవే. చాలామంది చెప్పని మూడో మాట ఒకటుంది, 'హ్లాఫ్‌ఎటా', రొట్టె తినేవాడు, అంటే సేవకుడు. క్రీ.శ. 600 ప్రాంతానికి చెందిన కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ శాసనాల్లో సామాన్య రైతు ఇంటి రొట్టె తినేవాణ్ణి చంపితే ఆరు షిల్లింగులు కట్టాలని ఉంది. గోధుమ పండించినవాడు తినేవాడుగా, కావలి కూర్చున్నవాడు పెట్టేవాడుగా లెక్కకు వచ్చారు. మొదటి రెండు మాటలూ బిరుదులై బతికాయి. మూడోది భాషలోంచే పోయింది.

మన భాషలోనూ ఇదే కథ, మనం గమనించం. భర్త, భార్య, భృత్యుడు - మూడూ 'భృ' అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవి. భరించేవాడు, భరింపబడేది, భరింపబడేవాడు. పొద్దుగూకులూ నాట్లు వేసిన ఆడదాన్నీ, అరక దున్నిన పాలేరునూ 'భరించిన'వాడు ఎవరో వ్యాకరణం తేల్చి చెప్పింది! 'ఉప్పు తిన్నవాడు' అనే మాటలో ఉన్న లెక్క కూడా ఇదే. ఉప్పు పండించినవాడి పేరు ఆ సామెతల్లో ఎక్కడా రాదు.

ఆడవారి మాటకు వస్తే ఈ చక్రం మరింత వేగంగా తిరిగింది. నూలు వడికే స్త్రీ 'స్పిన్‌స్టర్'. వడికి పొట్టపోసుకునే స్త్రీలలో పెళ్ళికానివారు ఎక్కువ కనుక 17వ శతాబ్దానికి చట్టంలో అవివాహితకు అదే పేరయింది, ఆ తరువాత జనం నోట ఎగతాళి అయింది. ఇంగ్లండు వివాహ రిజిస్టర్లలో ఆ మాటను 2005లో గాని తీసివేయలేదు. 'హౌస్‌వైఫ్' అనే మాటే నలిగి 'హస్సీ' అయి బరితెగించినదనే అర్థానికి వచ్చింది. స్త్రీ అనే ఒకే మూలం నుంచి పుట్టిన రెండు మాటలు ఇప్పుడు ఒకేలాగా 'క్వీన్' అని పలుకుతాయి. ఒకటి రాణి, రెండోది వేశ్య. రాజు పక్కన నిలబడ్డదానికి ఒక రాత, బజారులో నిలబడ్డదానికి ఒక రాత. మన 'సాని' మాత్రం? స్వామిని అనే మాటకు తద్భవం. 'దొరసాని'లో గౌరవం నిలిచింది. ఒంటరిగా మిగిలిన 'సాని'కి ఏమయిందో అందరికీ తెలుసు. దొర తోడున్నంత వరకే మర్యాద అన్నమాట.

తిట్లు కాని మాటల్లో కూడా పెత్తనం దాగి ఉంటుంది. 'దౌ', 'యూ' అనే సర్వనామాలే దీనికి సాక్ష్యం. మొదట దౌ ఏకవచనం, యూ బహువచనం. 13వ శతాబ్దం నుంచి ఫ్రెంచి కొలువు మర్యాదల ప్రభావంతో ఒక్కడే అయినా గొప్పవాడైతే బహువచనం వాడడం మొదలయింది. మన 'మీరు' పుట్టిన దారి కూడా ఇదే. అప్పటి నుంచి దౌ అంటే నువ్వు. ఆత్మీయుడికి, పిల్లవాడికి, పనివాడికి, శత్రువుకు. 1603లో వాల్టర్ రాలీని రాజద్రోహం కేసులో విచారిస్తూ అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ కావాలనే అతణ్ణి దౌ అని సంబోధించాడు, సంబోధిస్తున్నానని కోర్టులో చెప్పి మరీ. 'ట్వెల్త్ నైట్'లో సవాలు లేఖ ఎలా రాయాలో చెబుతూ సర్ టోబీ మూడుసార్లు దౌ అంటే చాలునని సలహా ఇస్తాడు.

మన విద్యార్థులు చాలామంది దౌ అంటే మహాగౌరవమని అనుకుంటారు. నా తరగతిలో ఏటా ఒకరైనా దానికి 'తమరు' అని రాస్తారు. వారి తప్పు కాదు. 1611 నాటి బైబిలు అనువాదం దేవుడికీ సైతానుకూ తేడా లేకుండా ఏకవచనమంతా దౌ అనే పెట్టింది. జనం నోట ఆ మాట పోయాక ప్రార్థనలోనూ పద్యంలోనూ మాత్రమే మిగిలింది. గుడిలో మిగిలిన మాట కనుక పవిత్రమనిపించింది. జూలియెట్ రోమియోను ఉద్దేశించి 'వేర్‌ఫోర్' అని అడిగిన చోట 'ఎక్కడున్నావు' అని తెలుగు చేసేవారిదీ ఇటువంటి పొరపాటే. ఆమె అడిగింది 'ఎందుకు' అని. నువ్వు ఆ వంశపు పేరుతో ఎందుకు పుట్టావని. మొత్తం నాటకం ఆ 'ఎందుకు' మీద నిలబడి ఉంది.

లియర్ నాటకం మొదటి రంగంలో కెంట్ ప్రభువు రాజుతో మొదట ఎంతో వినయంగా మాట్లాడతాడు. రాజు మొండికేసి కూతుర్ని వెళ్ళగొట్టగానే కెంట్ నోట దౌ వస్తుంది. ముసలివాడా అనే సంబోధన వస్తుంది. సభలో రాజును నువ్వనడం! ఆ క్షణాన ప్రేక్షకుల గుండె ఆగి ఉంటుంది. మన అనువాదకుడు నాటకమంతా 'నీవు' అని గ్రాంథిక మర్యాదలో నడిపిస్తే ఈ పిడుగు వినబడదు. మరోవైపు, కన్ను పెరకవద్దని అడ్డం వచ్చిన ఆ పేరులేని సేవకుణ్ణి చూడండి. కత్తి దూసే ముందు కూడా అతని నోట గౌరవ సర్వనామమే ఉంది. ప్రభువైన కెంట్‌కు రాజును నువ్వనే చనువు ఉంది. వెట్టివాడికి చంపే తెగువ వచ్చినా ఏకవచనం రాలేదు. షేక్‌స్పియర్ దీన్ని ఎంత స్పృహతో చేశాడో వాదించవచ్చు. చెవికి మాత్రం తెలిసే చేసి ఉంటాడు.

1650ల నాటి క్వేకర్లు ఈ సర్వనామం కోసం జైళ్ళకు పోయారు. జార్జ్ ఫాక్స్, ఆయన సహచరులు న్యాయాధికారినైనా కూలివాణ్ణయినా దౌ అనే పిలిచారు, ఎవరికీ టోపీ తీయలేదు. ఒక మనిషిని బహువచనంతో పిలవడం అబద్ధమనీ, అహంకారానికి మేత వేయడమనీ వారి వాదం. చివరికి ఇంగ్లీషు సమాజం మరో దారి పట్టింది. అందర్నీ యూ అని పిలిచి దౌను వదిలేసింది. వారు అందర్నీ కిందికి దింపి సమానం చేయబోయారు, సంతలో బేరం మాత్రం అందర్నీ పైకెక్కించి సమానం చేసింది. జేబులు మాత్రం సమానం కాలేదు, అది వేరే సంగతి. మనకు ఇంకా నువ్వు, మీరు, తమరు, ఒరే ఉన్నాయి. వయసు మళ్ళిన కూలిమనిషిని పదేళ్ళ దొరబిడ్డ ఒరే అని పిలిచిన ఊళ్ళు, 'నీ బాంచెన్ దొరా' అని జనం చేతులు కట్టుకున్న గడీలు మన సాహిత్యానికి అంత పాత సంగతులేమీ కావు. దౌ, యూ తేడాను అనువదించడానికి ఇంగ్లీషు కన్నా తెలుగుకే ఎక్కువ శక్తి ఉంది. వాడుకోవడమే మానేశాం.

మన ఆఫీసుల్లోకి వచ్చిన పాత ఇంగ్లీషు సంగతి కూడా ఒక్క మాట. 'మీ అతి విధేయ సేవకుణ్ణి' అని సంతకం పెట్టడం ఇంగ్లీషు దొరల మధ్య ఉత్త లాంఛనం. గుమాస్తా దొరకు రాసినప్పుడు అది అక్షరసత్యం. సెలవు చీటీలో 'ఇట్లు తమ విధేయుడు' అని పిల్లల చేత మనం ఇంకా రాయిస్తూనే ఉన్నాం.

ఈ వాదన నేను కొత్తగా కనిపెట్టింది కాదు. నీషే 1887లోనే గమనించాడు, మంచిచెడ్డల పేర్లు ప్రభువర్గం పెట్టినవేనని. గమనించి ప్రభువుల పక్షానే నిలబడ్డాడు. సి.ఎస్.లూయిస్ 1960లో పదాల మీద రాసిన గ్రంథంలో హోదా మాటలు నీతి మాటలుగా మారే ఈ క్రమానికి ఒక పేరే పెట్టాడు. అయితే దీన్ని కేవలం పైవారి అహంకారంగా చూడవద్దన్నాడు. నోబుల్ అనే మాట గుణానికి పేరయ్యాక, పుట్టుకతో నోబుల్ అయినవాడిలో ఆ గుణం లేదని వేలెత్తి చూపడానికి వీలయిందని ఆయన వాదం. ఇందులో కొంత నిజముంది. ఛాసర్ కథల్లో బాత్ పట్టణపు స్త్రీ చెప్పే కథలో, పెద్దరికం పుట్టుకలో లేదు నడతలో ఉందని ఒక ముదుసలి పేద స్త్రీ యోధుడికి పాఠం చెబుతుంది. ధమ్మపదం బ్రాహ్మణుడనే మాటను అలాగే నడతకు అప్పగించింది. కాని లూయిస్ తూకంలో ఒక తట్ట ఖాళీగా ఉంది. పై మాటల కోసం పేదలు పోరాడి వాటా గుంజుకున్నారు. కింది మాటలకు ఆ భాగ్యం లేదు. సత్ప్రవర్తన గల పేదవాణ్ణి జెంటిల్ అనవచ్చు. కష్టపడి పనిచేసే మంచివాణ్ణి మెచ్చుకుంటూ ఇంగ్లీషులో ఎవరూ విలన్ అనలేదు. రేమండ్ విలియమ్స్ 1976లో తన 'కీవర్డ్స్' తెచ్చినప్పుడు మాటలను పోరాటస్థలాలుగా చూడడం అలవాటు చేశాడు. ఆయన రైల్వే సిగ్నల్‌మన్ కొడుకు. ఎవరి పక్కన నిలబడి మాటను చూస్తున్నామన్నది చిన్న విషయమేమీ కాదు.

అన్ని మాటలూ ఈ చట్రంలో ఇమడవు. నైస్, సిల్లీ వంటివాటికి వర్గం అంటగట్టబోతే నవ్వులపాలవుతాం. మన కంపు కూడా అంతే.

ఇప్పుడు తెలుగు అధ్యాపకుల పని. మాట చెడిపోవడానికి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు ఏమిటి? అర్థగ్రామ్యత. గ్రామానికి చెందినది గ్రామ్యం. విల్లాకు చెందినవాడు విలన్. రెండు మాటల నిర్మాణం ఒక్కటే, రెంటికీ పట్టిన గతి ఒక్కటే. అలంకారశాస్త్రం గ్రామ్యాన్ని కావ్యదోషం చేసింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి లక్షణానికి విరుద్ధమైన భాష గ్రామ్యమన్నాడు. గిడుగు రామమూర్తి, గురజాడ జనం మాట్లాడే భాష కోసం నిలబడినప్పుడు జయంతి రామయ్య పంతులు పక్షం వారిమీద విసిరిన రాయి కూడా ఈ మాటే. నగరంలో ఉండేవాడు నాగరికుడు, ఊళ్ళో ఉండేవాడు గ్రామ్యుడు. ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి? చెడిపోయిన మాటల జాబితాలో మొదట రాయవలసిన మాటనే ఆ జాబితాకు శీర్షికగా పెట్టుకున్నాం.

అర్థాపకర్ష అని పేరు మార్చవచ్చు. మార్చాలి కూడా. కాని పేరు మారిస్తే సగం పనే. ప్రతి ఉదాహరణ పక్కన ఈ మాట ఏ కాలంలో, ఎవరి పనిని చెప్పేది, ఏ కాలంలో ఎవరి నోట దిగిందో రాయించాలి. ఇంగ్లీషువారికి 1884 నుంచి 1928 దాకా భాగాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ప్రతి అర్థానికీ తేదీ ఇచ్చింది. దానివల్లనే పైన చెప్పినవన్నీ మనకు తెలిశాయి. మనకు పిఠాపురం రాజావారి పోషణలో 1936 నుంచి వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఉంది. కావ్యాల్లో ఎక్కిన మాటకు అక్కడ పీట వేశారు. జనం నోటి మాటను గ్రామ్యమని గుమ్మం బయటే నిలబెట్టారు. గిడుగు దాన్ని విమర్శిస్తూ ప్రత్యేకంగా రాశాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సారథ్యంలో 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం, 1971లో చేనేత పదాలది వచ్చాయి. రైతును, నేతవాణ్ణి అడిగి రాసుకున్న మాటలవి. నాగలి కర్రలో ప్రతి భాగానికి, మగ్గం మీద ప్రతి పుల్లకు ఊరూరా ఎన్ని పేర్లున్నాయో అందులో ఉన్నాయి. ఎం.ఏ. విద్యార్థుల చేత ఆ సంపుటాల్లోంచి పాతిక మాటలు తీయించి, వాటిలో ఏవి పట్నం చేరాక తిట్లయ్యాయో, ఏవి కాలేదో వెతికించి చూడండి. నేను చెప్పిన సూత్రం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ వీగిపోతుందో అక్కడ తేలుతుంది.

ఇంగ్లీషు పత్రికలు ఇప్పటికీ ఏ దేశాన్నైనా వెలి వేయదలచినప్పుడు 'పరయా' అని రాస్తాయి. పర అనే డప్పు పేరు మీద పిలవబడిన తమిళ శ్రమజీవుల కులం పేరు అది. 17వ శతాబ్దంలో ఇక్కడి నుంచి పట్టుకుపోయారు. 1985 కారంచేడు తరువాత మన దళిత కవిత్వం డప్పునూ, వెలివాడనూ తన సొంత పేర్లుగా, ధిక్కారంగా పలికింది. లండన్ పత్రికలో ఆ మాట కనిపించినప్పుడు మన విలేఖరులు దాన్ని యథాతథంగా దిగుమతి చేసుకుంటున్నారు.